యుద్ధం ఆపిన శుద్ధి కేంద్రం – సరాయెవో అనుభవం

నీటి సరఫరా, డ్రైనేజీ పనుల్లో సర్వీసు చేసి విరమించిన మనకు ఒక సంగతి బాగా తెలుసు. కొళాయిలో నీరు రాకపోతే గంట తిరక్కముందే జనం ఆఫీసు ముందుంటారు. మురుగునీటి శుద్ధి కేంద్రం ఆగిపోతే మాత్రం ఎవరూ రారు. ఆ బాధ నదికి దిగువనున్న ఊళ్లది కనుక. ఇది ఎంత నిజమో తెలిపే చరిత్ర ఒకటి బోస్నియాలో జరిగింది.

బోస్నియా రాజధాని సరాయెవో కొండల నడుమ ఉన్న నగరం. హైదరాబాదు మధ్య మూసీ పారినట్లు, ఆ ఊరి మధ్య మిల్యాట్స్‌కా అనే చిన్న నది పారుతుంది. నగరం దాటగానే అది బోస్నా నదిలో కలుస్తుంది. బోస్నా సావాలోను, సావా డాన్యూబులోను కలుస్తాయి. అంటే సరాయెవో వదిలిన మురుగు సరాయెవోతో పోదు.

1984 ఫిబ్రవరిలో అక్కడ శీతాకాల ఒలింపిక్ క్రీడలు జరిగాయి. అప్పుడది యుగోస్లావియాలో భాగం. ఆ సంవత్సరమే నగరానికి పడమట బుటిలా అనే చోట, సుమారు 6 లక్షల మంది మురుగుకు సరిపడేలా కట్టిన శుద్ధి కేంద్రం పనిలోకి వచ్చింది. చెత్తను, ఇసుకను వేరుచేసి, తర్వాత నీటికి గాలి పట్టించి, సూక్ష్మజీవుల చేత మలినాన్ని తినిపించే పద్ధతి అది. మిగిలిన మడ్డిని మూసిన తొట్లలో మురగబెట్టి గ్యాసు కూడా తీసేవారు.

ఎనిమిదేళ్లకే యుద్ధం వచ్చింది. 1992 ఏప్రిల్‌లో మొదలైన సరాయెవో ముట్టడి 1996 ఫిబ్రవరి దాకా, 1,425 రోజులు సాగింది. కరెంటు పోయింది, నీళ్లు పోయాయి. బిందెలు, డబ్బాలు పట్టుకుని నీళ్ల కోసం వరుసలో నిలబడ్డవారి మీద ఫిరంగి గుండ్లు పడ్డాయి. ఆ రోజుల్లో ఫ్రెడ్ క్యూనీ అనే అమెరికన్ ఇంజనీరు ఫిల్టర్ యంత్రాలను విమానాల్లో తెప్పించి, గుండ్లు తగలకుండా ఒక రోడ్డు సొరంగంలో బిగించి, మిల్యాట్స్‌కా నీటినే శుద్ధిచేసి ఊరికి అందించాడు. తాగే నీటికే అంత పాటు పడవలసివచ్చినచోట మురుగు మాట ఎవరికి గుర్తుంటుంది? బుటిలా 1992లోనే ఆగిపోయింది.

శుద్ధి కేంద్రం మామూలు ఫ్యాక్టరీ వంటిది కాదు. అందులో పనిచేసేవి ప్రాణమున్న జీవులు. బ్లోయర్లు ఆగి గాలి అందకపోతే అవి కొద్దికాలానికే చస్తాయి. ఆపైన మోటార్లు తుప్పుపడతాయి, తొట్లు పూడుకుపోతాయి. మళ్లీ కరెంటు ఇచ్చి స్విచ్ వేస్తే నడిచేది కాదది. యంత్రాలు కొత్తవి బిగించాక కూడా జీవులను వారాల తరబడి పెంచి నిలబెట్టుకోవాలి.

1995 చివర శాంతి ఒప్పందం కుదిరింది. ఇళ్లు, కరెంటు, ఆసుపత్రులు, తాగునీరు – ఒకదాని తర్వాత ఒకటి డబ్బు కోసం వరుసలో నిలబడ్డాయి. ఆ వరుసలో మురుగు చిట్టచివరిది. అది తప్పని చెప్పలేం, దాహం ముందు తీరాలి గదా! అయితే ఆ వరుస కదలడానికి పట్టిన కాలం చూడండి. ప్రపంచ బ్యాంకు అప్పు మంజూరైంది 2010లో. ఐరోపా సమాజం సుమారు 1 కోటి 30 లక్షల యూరోలు గ్రాంటుగా ఇచ్చింది. కేంద్రంతో పాటు ప్రధాన మురుగు గొట్టాల బాగు కూడా ఆ పథకంలో చేరింది. 2016లో ప్రయోగాత్మకంగా నడిపి, 2017లో లాంఛనంగా ప్రారంభించారు. ఈ మధ్యకాలమంతా నగరపు మురుగు శుద్ధి లేకుండానే నదిలో కలిసింది.

1992 నుంచి 2016కు 24 ఏళ్లు. పాతికేళ్ల వయసులో ఉద్యోగంలో చేరినవాడు పదవీ విరమణకు దగ్గరపడే కాలం! అన్నాళ్లు ఆగితే పాడయ్యేది ఇనుము ఒక్కటే కాదు. ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో, నురుగు రంగు చూసి తొట్టిలో ఏం జరుగుతున్నదో చెప్పగల చేతివాటం ఒకరి నుంచి మరొకరికి అందకుండా పోతుంది. దాన్ని ఏ అప్పుతోనూ కొనలేం.

మన పిల్లలు, మనుమలు ‘మీరు డ్యూటీలో ఏం చేసేవారు?’ అని అడిగితే జవాబు చెప్పడం మనకు కొంచెం మొహమాటం. పెద్ద ఆనకట్టలు కట్టామని చెప్పుకోలేం. అర్ధరాత్రి పంపు ఆగితే లేచి వెళ్లి నడిపించాం, అంతే. ఆ ‘అంతే’ ఒక నగరంలో 24 ఏళ్లు లేకపోతే ఏమవుతుందో బుటిలా చెబుతున్నది. ఈసారి పిల్లలు అడిగినప్పుడు ఈ కథ చెప్పండి.