పులుపు తింటే రక్తం ఆమ్లంగా మారుతుందా? షుగర్ ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలు

హుస్సేనీ ఆలం ఇళ్లలో దస్తర్‌ఖాన్ మీద బగారా అన్నం, ఖట్టీ దాల్, నిమ్మకాయ ముక్క మామూలే. పులుపు తింటే రక్తం ఆమ్లంగా మారి షుగర్ పెరుగుతుందని, ఆల్కలైన్ నీళ్లు తాగితే తగ్గుతుందని కొందరు అంటుంటారు. రెండూ నిజం కాదు.

రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది. ఊపిరితిత్తులు, కిడ్నీలు దాన్ని అక్కడే నిలిపి ఉంచుతాయి. తిండిని బట్టి మూత్రం పీహెచ్ మారుతుంది గానీ, ఆరోగ్యవంతుల రక్తం ఆ హద్దు దాటదు.

నిజానికి భోజనంతో పాటు నిమ్మరసం, సిర్కా తీసుకుంటే అన్నంలోని పిండిపదార్థం కాస్త నెమ్మదిగా అరుగుతుంది. తిన్నాక షుగర్ కొంచెం తక్కువగా పెరగొచ్చు. అలాగని అవి మందులు కావు. పళ్లెంలో అన్నం ఎంత అన్నదే అసలు లెక్క.

రక్తం ప్రమాదకరంగా ఆమ్లమయ్యేది ఇన్సులిన్ బాగా తక్కువైనప్పుడు. శరీరం చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగిస్తుంది, కీటోన్లు పేరుకుంటాయి. ఇదే డయాబెటిక్ కీటోఅసిడోసిస్. విపరీతమైన దాహం, వాంతులు, కడుపునొప్పి, వేగంగా లోతైన ఊపిరి, నోటి నుంచి పండ్ల వాసన దీని లక్షణాలు. ఇంట్లో వంటసోడా నీళ్లు తాగిస్తూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లు రోజాల కోసం డోసు సొంతంగా మానేయకూడదు. రంజాన్‌కు ముందే డాక్టర్‌ను కలవాలి. ఉపవాసంలో షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్యులు సూచిస్తారు.