కొప్పునూరు బోరు నీరు, మిల్లీసీవర్ట్ కొలత: పల్నాట యురేనియం మోతాదు అంచనాపై ఒక అభ్యంతరం

యురేనియం గనులు, శుద్ధి కర్మాగారాల చుట్టూ ప్రజలకు అందే రేడియేషన్‌ను అంచనా కట్టే పరిశోధనల్లో ఒక ధోరణి బలంగా పాతుకుపోయింది. గాలి, దుమ్ము, నీరు, తిండి ద్వారా అందే మోతాదులన్నీ కూడడం, మొత్తం ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ దాటకపోతే ప్రజలకు ప్రమాదం లేదని తేల్చడం దాని పద్ధతి. మాచర్ల దాపున ఉన్న కొప్పునూరుకు ఈ పద్ధతి చాలదన్నది నా వాదన.

అణు ఖనిజ అన్వేషణ సంస్థ బోర్లు దించి కొప్పునూరు యురేనియం నిక్షేపాన్ని నిర్ధారించింది. గ్రానైటు మీద బనగానపల్లె క్వార్ట్‌జైటు పరుచుకున్న సంధిలో అక్కడ ఖనిజం ఉంది. పల్నాటి నేలలో సున్నపురాయికీ నాపరాయికీ కొదవ లేదు. ఆ సున్నపురాయి వల్ల బైకార్బొనేటు ఎక్కువైన నీటికి ప్రాణవాయువు తోడైతే యురేనియం కరిగి నీటితో పాటే కదులుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012 నుంచి నడుస్తున్న కర్మాగారం చేసేదీ ఇదే: వేడి, పీడనం, సోడియం కార్బొనేటుతో డోలమైటు రాతి నుంచి యురేనియాన్ని కరిగిస్తుంది. అక్కడ గంటల్లో జరిగే పని భూగర్భ జలంలో ఏళ్ల తరబడి సాగుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. అణుశక్తి నియంత్రణ మండలి తాగునీటిలో లీటరుకు 60 మైక్రోగ్రాముల యురేనియాన్ని అనుమతిస్తుంది. అలాంటి నీటిని రోజుకు 2 లీటర్ల చొప్పున ఏడాదంతా తాగినా అందేది సుమారు 0.05 మిల్లీసీవర్ట్, అంటే పరిమితిలో ఇరవయ్యో వంతు. మోతాదు వాదికి ఇక బెంగ లేదు. కానీ యురేనియం ముందు దెబ్బతీసేది మూత్రపిండాలను, అదీ రేడియేషన్‌తో కాదు, భారలోహంగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 మైక్రోగ్రాములకే గీత గీసింది ఈ విషప్రభావాన్ని చూసే. ఆ గీత కూడా 60 కిలోల మనిషి రోజుకు 2 లీటర్లు తాగుతాడన్న ఊహ మీద నిలబడింది. ఆంధ్రదేశంలో ఎండకు పేరుమోసిన రెంటచింతలలో మే నెలలో కూలికి వెళ్లే మనిషికి 2 లీటర్లు మధ్యాహ్నం దాకా కూడా రావు. 6 లీటర్లు తాగితే, 60 మైక్రోగ్రాముల నీటితో రోజుకు 360 మైక్రోగ్రాములు ఒంట్లోకి పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పోదగినది 60. ఆ నీటినే ఏడాదంతా అలా తాగినా మిల్లీసీవర్ట్ పట్టికలో పరిమితికి ఆరో వంతు లోపే కనిపిస్తుంది! ఇంట్లో వాటర్ ప్లాంటు టిన్ను ఉన్నా, మిరపచేలో దప్పికకు దిక్కు బోరే. సగటు మనిషి పేరిట రాసిన పట్టికలో ఆ కూలీ లేదు.

గ్రానైటు ప్రాంతాల బావుల్లో గని లేకుండానే యురేనియం ఉంటుందన్నది నిజమే. అందుకే గని రాకముందు నీటిలో ఎంత ఉందో కొలవడం మరీ అవసరం.

శుద్ధి తర్వాత మిగిలే వ్యర్థాల మాట మరీ గట్టిగా చెప్పాలి. తుమ్మలపల్లెలో టన్ను రాతికి అర కిలో యురేనియం కూడా రాదు. రాయంతా వ్యర్థాల చెరువుకు చేరుతుంది. ముడి ఖనిజపు రేడియోధార్మికతలో సుమారు 85 శాతం దానితోనే పోతుంది. రేడియం-226 సగం కావడానికి 1,600 ఏళ్లు పడుతుంది, దాన్ని పుట్టించే థోరియం-230కి 75 వేల ఏళ్లు. గని పనిచేసే ముప్పై, నలభై ఏళ్లకు కట్టిన మోతాదును ప్రజల మోతాదు అనడం శాస్త్రం కాదు. చెరువు పక్క కె.కె. కొట్టాల రైతులు తమ బోర్ల నీళ్లు, అరటి తోటలు చెడ్డాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. వారి మాటను రుజువు కాని ఫిర్యాదుగా కొట్టిపారేసే ముందు, చెరువు కట్టకముందు ఆ బోర్లలో ఏముండేదో చూపాల్సిన బాధ్యత మోతాదు వాదులదే.

కొప్పునూరులో గని ఇంకా లేదు కనుక ఆ తొలి కొలతకు ఇదే అదను. మాచర్ల, గురజాల ప్రాంతాల్లో ఊరూరా తాగే బోరు, చేలో బోరు విడివిడిగా, ఎండాకాలంలోనూ వానల తర్వాతా పరీక్షించాలి. యురేనియంతో పాటు బైకార్బొనేటు, రేడియం, ఫ్లోరైడు కొలవాలి. అన్వేషణ బోర్లలో దేన్ని సిమెంటుతో పూడ్చారో ఊరి పేరుతో సహా రాయాలి. పూడ్చని బోరు కింది పొర నీటికి పైకి దారి. అలా పైకి వచ్చిన నీరు నాగార్జునసాగర్ కుడి కాలువలో కలిస్తే నరసరావుపేట దాటి పోతుంది కనుక ఆ ఆయకట్టు మొత్తాన్నీ ప్రభావిత ప్రజల్లో చేర్చాలి.