ముఖానికి పసుపు, లోపల కణితి

ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్, మోర్తాడ్ చుట్టుపక్కల పసుపు సుమారు తొమ్మిది నెలల పంట. వానాకాలం మొదట్లో నాటిన దుంపను సంక్రాంతి వేళకు తవ్వడం మొదలుపెడతారు. ఉడకబెట్టి, ఎండబెట్టి నిజామాబాద్ యార్డుకు తెస్తారు. అక్కడ బేరగాడు కొమ్మును విరిచి లోపలి రంగు చూడనిదే ధర చెప్పడు. ఇదే పసుపు ఇంటికొచ్చేసరికి పైపూత అవుతుంది. పసిబిడ్డకు నలుగు, పెళ్లికూతురికి మైలపోలు, పెద్ద ముత్తైదువకు నిత్యం పసుపు స్నానం. పుణ్యం, అందంతో పాటు ఇందులో మరో ఆశ కూడా ఉండేది: ఆడపిల్ల ముఖాన వెంట్రుక మొలవకూడదని. ఈ ఆచారానికి ఒక బలం, ఒక లోపం ఉన్నాయి. ముఖాన్ని రోజూ దగ్గరగా చూసుకునే అలవాటు దాని బలం. మొలిచిన వెంట్రుకను చర్మం సంగతిగానే తీసుకోవడం దాని లోపం. మనం బలాన్ని వదిలేసి లోపాన్ని మాత్రం నిలుపుకున్నాం.

ఇది మన ఒక్కరి పొరపాటు కాదు. గాయాల చికిత్సలో వాడే అరవై ఉపక్రమాలలో వెంట్రుకలు తొలగించడాన్నీ సుశ్రుతుడు చేర్చాడు. అది కూడా పైనుంచి చేసే చికిత్సే. అయితే సుమారు 2,400 ఏళ్ల కిందటి గ్రీకు వైద్యగ్రంథంలో అబ్దెరా నగరపు ఫయెథూసా కథ ఉంది. భర్త దేశాంతరం పోయాక ఆమెకు నెలసరి ఆగింది, గొంతు బొంగురుపోయింది, గడ్డం వచ్చింది, కొంతకాలానికి చనిపోయింది. ఆమె జబ్బేమిటో ఇప్పుడు తేల్చలేం. కానీ ఆగిన నెలసరినీ మారిన గొంతునూ గడ్డంతో కలిపి ఒకేచోట రాసిన ఆ వైద్యుడి చూపు సరైనది. ఆ మూడూ ఎందుకు కలిసి వస్తాయో తెలియడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. 1930ల మొదట్లో బెర్లిన్‌లో రాబర్ట్ మేయర్ అండాశయంలో పుట్టే ఒక అరుదైన కణితిని వర్గీకరించి అర్హెనోబ్లాస్టోమా అన్నాడు. ఇప్పుడు దాన్ని సెర్టోలి-లైడిగ్ కణాల కణితి అంటున్నారు. 1935లో టెస్టోస్టెరాన్‌ను వేరుచేశారు, అదే ఏడాది ప్రయోగశాలలో తయారుచేశారు. ఆరోగ్యవంతురాలి అండాశయం కూడా పురుష హార్మోన్లను తయారుచేస్తుంది. వాటిలో చాలా భాగం పక్క కణాలలో ఈస్ట్రోజెన్‌గా మారిపోతుంది. కణితి అయితే ఆ అదుపు తప్పి, టెస్టోస్టెరాన్‌ను నేరుగా రక్తంలోకి వదులుతుంది. పసుపు పూత అక్కడిదాకా చేరేది కాదు.

ముఖాన మొలిచిన వెంట్రుకను కణితికి గుర్తుగా చూడమంటే ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. అండాశయ కణితులన్నిటిలో సెర్టోలి-లైడిగ్ కణితులు అర శాతం కూడా ఉండవు, గడ్డం కింద నాలుగు వెంట్రుకలు వచ్చిన ప్రతి పిల్లనూ భయపెట్టడం న్యాయమా అని. న్యాయం కాదు. అలాంటి పిల్లల్లో ఎక్కువమందిది 1935లో స్టెయిన్, లెవెంతాల్ వర్ణించిన నీటిబుడగల అండాశయ సమస్యే. అది యుక్తవయసులో మొదలై ఏళ్ల తరబడి మెల్లగా నడుస్తుంది. కణితి అలా కాదు, నెలల్లోనే రూపం మార్చేస్తుంది. గొంతు మందమవుతుంది, నుదుటి పైన జుట్టు పలచబడుతుంది, కండ గట్టిపడుతుంది, నెలసరి ఆగుతుంది. అంటే రెంటినీ విడదీసేది వేగం. ఆ వేగాన్ని పట్టగలిగేది రోజూ చూసే కన్నే. నలుగు పెట్టే చేతికి, తలంటే తల్లికి, కిందటి దసరాకు లేనిది ఈ ఉగాదికి ఎలా వచ్చిందో తెలుస్తుంది. ఏడాదికోసారి చూసే డాక్టరుకు ఆ లెక్క ఇంటివాళ్లే చెప్పాలి.

పసుపులో అసలు గుణమే లేదా అంటే, ఉందనే వాదనను కొట్టిపారేయను. పసుపు జాతికే చెందిన కుర్కుమా ఎరుజినోసా అనే మొక్క నూనె చంకల్లో వెంట్రుకల పెరుగుదలను నెమ్మదింపజేసిందని థాయ్‌లాండ్ పరిశోధకులు చూపారు. కాబట్టి మన అమ్మమ్మల నమ్మకం వట్టి భ్రమ కాకపోవచ్చు. కానీ పూత పనిచేసేకొద్దీ ప్రమాదం ఇంకా పెరుగుతుంది: లక్షణం తగ్గినట్టు కనిపిస్తుంది, కారణం లోపల పెరుగుతూనే ఉంటుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఆచారం గీసిన హద్దు. భర్త పోయిన స్త్రీకి పసుపు లేదన్నారు. పసుపుతో పాటు ఆమె ముఖాన్ని పట్టించుకునే కళ్లూ తప్పుకున్నాయి. పురుష హార్మోన్‌ను వదిలే మరో అండాశయ కణితి, లైడిగ్ కణాల కణితి, ఎక్కువగా కనిపించేది నెలసరి ఆగిపోయిన తర్వాతే. ఆగిన నెలసరి అనే హెచ్చరిక ఆ వయసులో ఉండదు, మీసం, గొంతు ముసలితనం కింద జమైపోతాయి. కణితి తరచు చాలా చిన్నది, స్కానింగ్‌లో కూడా దొరక్కపోవచ్చు. అందుకే రక్తపరీక్ష ముఖ్యం. స్త్రీలలో సాధారణంగా డెసిలీటరుకు 70 నానోగ్రాముల లోపు ఉండే టెస్టోస్టెరాన్ 200 దాటితే డాక్టర్లు కణితిని అనుమానిస్తారు. చాలావరకు ఒకే అండాశయంలో ఉంటుంది కనుక ఆపరేషన్‌తో తీసేయవచ్చు. హార్మోన్ త్వరగా దిగుతుంది. వెంట్రుకలు మెల్లగా తగ్గుతాయి, మారిన గొంతు మాత్రం పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. అందుకని ఆలస్యం చేయకూడదు. నలుగు మానమని నేననను. ఇంట్లో ఏ వయసు ఆడమనిషికైనా, పసుపు పెట్టుకునే ఆవిడకైనా పెట్టుకోని ఆవిడకైనా, కొద్ది నెలల్లో ముఖాన వెంట్రుకలు దట్టమై గొంతు మారితే టెస్టోస్టెరాన్ పరీక్ష చేయించండి.