కారంపూడి వీరుల గుడి: పాటతో, పంక్తితో నిలిచిన యుద్ధ స్మారకం

పల్నాడు జిల్లాలోని మా కారంపూడిలో, నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. పల్నాటి యుద్ధంలో ఈ నేల మీదే ఒరిగిన వీరుల పేర ఇక్కడ రాళ్లు నిలిపారు. పూజ ఆ వీరులకే. 12వ శతాబ్దం చివర జరిగిన యుద్ధానికి ఇప్పటికీ ఏటా ఊరంతా కలిసి స్మారకం జరపడం మాకు గర్వకారణం.

ఆ యుద్ధం అన్నదమ్ముల మధ్య పుట్టింది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు ఏలుబడి చేస్తున్నారు. నలగాముడి పక్షాన నాయకురాలు నాగమ్మ, మలిదేవుడి పక్షాన బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల వారు పందెం ప్రకారం ఏడేళ్లు వలస వెళ్లారు. గడువు తీరాక తమ రాజ్యభాగం అడగడానికి అలరాజును రాయబారం పంపారు. తిరుగు దారిలో చర్లగుడిపాడులో ఆయనపై విషప్రయోగం జరిగింది. ఇక సంధి మాట పోయింది. కార్యమపూడి అని పాత పేరున్న మా ఊరి బయలే రణరంగమైంది. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు పడుచు వయసులోనే నేలకొరిగాడు. మిగిలిన బ్రహ్మనాయుడు ఇక్కడికి దగ్గర్లోని గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని మా పెద్దలు చెబుతారు. ఈ పోరుతో వెలనాటి చోళుల బలం కూడా సన్నగిల్లిందనీ, కాకతీయుల విస్తరణకు దారి సుగమమైందనీ చరిత్రకారులు అంటారు.

కార్తీక అమావాస్యతో మొదలై ఐదు రోజులు వీరుల ఉత్సవం సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. కథలో కోడిపోరు ముందు, రాయబారం తర్వాత. ఉత్సవంలో మాత్రం ఆ వరస మారుతుంది. వీరుల పేర ఇళ్లలో దాచుకున్న ఆయుధాలను మేం కొణతాలంటాం. వాటిని పట్టుకుని ఆచారవంతులు పల్నాడు ఊళ్ల నుంచే కాక దూరప్రాంతాల నుంచీ వస్తారు. నాగులేటిలో వాటికి స్నానం చేయించి, పసుపు కుంకుమలు పెట్టి, డప్పుల మోత మధ్య గుడికి తెస్తారు. వీరావేశంతో కత్తిసేవ చేసేవారి చుట్టూ జనం ఒత్తుకుని నిలబడతారు. హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో ఉద్యోగాలకు వెళ్లి అక్కడే స్థిరపడిన మావాళ్లు కూడా ఈ ఐదు రోజులకు సెలవు పెట్టుకుని వస్తారు.

మందపోరు నాడు చాపకూడు. పొడవుగా చాపలు పరిచి, కులం అడగకుండా అందరినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టి వడ్డిస్తారు. బ్రహ్మనాయుడు పెట్టిన ఆచారం ఇది. మాలవాడైన కన్నమదాసును ఆయన కొడుకుగా చేరదీసి సేనానిని చేశాడు. వీరగాథను తరతరాలుగా పాడుతూ కాపాడిన వీరవిద్యావంతులు కూడా ఎక్కువగా మాలలే. ఊరి గొప్ప కథ ఊరు అంటరానివాళ్లన్న వాళ్ల గొంతులో బతికిందన్న సంగతి మనం మరవకూడదు.

ఆ పాట పుస్తకాల్లోకీ వచ్చింది. శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద కావ్యం పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి అచ్చు వేయించారు. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను ఆధారం చేసుకుని జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1982లో ఇంగ్లీషు గ్రంథం వెలువరించారు. 1947లో, 1966లో పల్నాటి యుద్ధం పేరుతోనే సినిమాలు వచ్చాయి.

యుద్ధంలో పోయినవాళ్లను ఊరంతా కలిసి తలచుకునే తీరు వేరే చోట్లా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పల్లెల్లో చనిపోయిన సైనికుల పేర స్మారక భవనాలు కట్టుకున్నారు. పేర్లు గోడ మీద ఉంటాయి. ఆ గోడల మధ్యే పెళ్లిళ్లు, సమావేశాలు, నాట్యాలు జరుగుతాయి. బతికినవాళ్లు కలుసుకునే చోటే పోయినవాళ్లకు గౌరవం అన్న ఆలోచన మా వీరుల గుడిలోనూ ఉంది. కాకపోతే ఇక్కడ పేర్లు గోడ మీద కన్నా గొంతులో ఎక్కువ నిలిచాయి.

అందుకే నాకు దిగులు. వీరవిద్యావంతుల పిల్లలు వేరే పనులకు వెళుతున్నారు. కథను రాత్రుళ్ల తరబడి పూర్తిగా పాడగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు. ఉన్నవాళ్ల చేత పూర్తిగా పాడించి, రికార్డు చేసి, మన బళ్లలో పిల్లలకు వినిపించాలి. పాడినవాళ్లకు తగిన పారితోషికం ఇవ్వాలి. ఇక చాపకూడు సంగతి. ఏడాదికొక రోజు పక్కపక్కన కూర్చుని తిని, మర్నాడు మళ్లీ ఎవరి వీధికి వాళ్లం విడిపోతే ఆ పంక్తికి విలువ లేదు. పెళ్లి విందులోనూ, బడి భోజనంలోనూ, ఊరి నీళ్ల దగ్గరా ఆ చాప పరిచి ఉండాలి. వీరులకు మనం కట్టగలిగిన గుడి అదే.