వరద గీతలు: శబరి ఒడ్డు చెప్పే చరిత్ర

ఒకసారి సాంఘిక శాస్త్రం పాఠం చెబుతుండగా ఏడో తరగతి పిల్ల ఒకతె లేచి, "సార్, ఈ పుస్తకంలో మన ఊరు ఎక్కడుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మరునాడు పిల్లల్ని ఊరి చివర చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లి, మా తాతను పిలిపించాను. ఏ ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆయన చేత్తో చూపించాడు. పిల్లలు సున్నంతో గీతలు గీశారు. మా ఊరి చరిత్రలో మొదటి పేజీ అదే.

ఆ గీతలకు ప్రభుత్వ లెక్కలు కూడా తోడున్నాయి. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 1990 ఆగస్టులో 70.8 అడుగులు, 2006 ఆగస్టులో 66.9 అడుగులు చేరింది. 2022లో 71.3 అడుగులకు వచ్చింది. అయితే అది ఆగస్టులో కాదు, జూలై 16న. ఈ తేడాను పిల్లలు గుర్తుంచుకోవాలి. ఆగస్టు వరద అయితే సామ, జొన్న, కంది కొంత ఎదిగి ఉంటాయి. జూలై వరద అప్పుడే మొలిచిన విత్తనాన్ని తీసుకుపోతుంది. మళ్లీ వేద్దామంటే ఇంట్లో గింజ ఉండదు.

ఒక్క వరదను చూసి వాతావరణం మారిందని తేల్చకూడదు. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదని శాస్త్రం చెబుతోంది. ఆ తేమ కురిస్తే ఒక్కసారే కుంభవృష్టిగా కురుస్తుంది. ముందు మునిగేది ఒడ్డున ఉన్న పేదవాడి ఇల్లే.

మరి మన పెద్దలు ఎలా బతికారు? శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీరు దిగదు, వెనక్కి తంతుంది. దాన్నే మనం ఎగపోటు అంటాం. మా ఊళ్లో వాన చుక్క లేకపోయినా వరద రావడానికి కారణం ఇదే. పెద్దలకు ఇది తెలుసు. అందుకే ఇల్లు ఒకచోట ఉన్నా, బతుకు రెండుచోట్ల ఉండేది. ఒడ్డున కొంత, కొండ మీద పోడు కొంత. పోడులో ఒకే పంట వేసేవారు కాదు. సామ, కొర్ర, జొన్న, కంది కలిపి చల్లేవారు. ఒకటి పోతే ఒకటి దక్కేది. ఏదీ దక్కని ఏడు అడవి దుంపలు, ఇప్పపువ్వు, జీలుగు పిండి ఆదుకునేవి. కొండరెడ్ల జీవితంలో పోడు, జీలుగు చెట్టు ఎంత ముఖ్యమో హైమెన్‌డార్ఫ్ 1945లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు.

ఈ రెండో కాలును మన నుంచి తీసేసిన కథే అసలు చరిత్ర. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మధ్య పరగణాల నుంచి మద్రాసు రాజధానిలో కలిపారు. పోడు మీద పన్ను పెరిగింది, ఆంక్షలు పెరిగాయి. 1879లో రంపలో మొదలైన తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి ఇదొక కారణం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండ రిజర్వు అయింది, మనిషి ఒడ్డుకు దిగాడు. తరవాత రోడ్డు, బడి, రేషను దుకాణం అన్నీ పల్లంలోనే వచ్చాయి. కాబట్టి మనవాళ్లు తెలివిలేక వరద దారిలో ఇళ్లు కట్టుకున్నారని ఎవరైనా అంటే ఈ సంవత్సరాలు చెప్పండి.

ఇప్పుడు పోలవరం. 2014లో మన మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి మారాయి. 41.15 మీటర్ల కాంటూరు లోపలి ఊళ్లు మొదటి దశ అన్నారు, 45.72 వరకు రెండో దశ అన్నారు. 2022లో రెండో దశ ఊళ్లలోకి కూడా నీళ్లొచ్చాయి. తమనూ మొదటి దశలో చేర్చమని జనం అడిగారు. ఆ జూలైలో మా కుటుంబం కూడా గుట్ట మీద పరదా కింద ఉంది. బడి రిజిస్టర్లు తడిసి ముద్దయ్యాయి. తాత మాత్రం సొరకాయ బుర్రలో దాచిన సామ విత్తనాన్ని ముందే గుట్టకు చేర్చాడు. నేను కాగితాలు పోగొట్టాను, ఆయన విత్తనం కాపాడాడు.

మనం చేయగలిగింది ఉంది. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి ఇస్తారు. రేడియోలో ఆ అంకె వింటే మా ముసలమ్మకు ఏం అర్థమవుతుంది? అందుకే మా పిల్లలు ఆ అంకెలను ఊరి భాషలోకి మార్చి పట్టిక రాస్తున్నారు. ఏ అంకెకు వాగు దారి మూస్తుంది, ఏ అంకెకు దిగువ గుంపు ఖాళీ చేయాలి, పశువుల్ని ఏ గుట్టకు తోలాలి, గర్భిణులను, ముసలివాళ్లను ఎవరు తీసుకెళ్లాలి అన్నీ అందులో ఉంటాయి. ఈ పని ప్రతి బడిలో చేయవచ్చు. ఖర్చు సున్నం డబ్బా అంతే.

ఆ పట్టికను గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పునరావాసానికి ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. 2006 అటవీ హక్కుల చట్టం కొండ మీద మన సాగుకు, సామూహిక అడవికి హక్కు రాయించుకునే దారి ఇచ్చింది. వరద వచ్చినప్పుడు ఎక్కడానికి మనదైన కొండ ఉండాలి కదా! పడవ, పరదా, బియ్యం ఇవ్వడం సాయమే. కొండ మీద హక్కు మాత్రం రక్షణ.

మా తాత ఇప్పుడు లేడు. గీతలు ఉన్నాయి. ప్రతి వేసవిలో పిల్లలు వాటికి మళ్లీ సున్నం పూస్తారు. మీ ఊళ్లో పెద్దవాళ్లు ఉండగానే మీరూ అడిగి గీయించండి.