పెరట్లో పుట్టిన గొట్టపు బావి

బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల్లో రైతులు దించే ఫిల్టర్ పాయింట్ అనే గొట్టపు బావికి అమెరికాలో ఒక పెద్దక్క ఉంది. అది పుట్టింది ప్రయోగశాలలో కాదు, ఒక ఇంటి ఆవరణలో.

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్ట్‌లాండ్‌లో నెల్సన్ గ్రీన్ అనే కల్నల్ 76వ పటాలాన్ని కూడగడుతున్నాడు. దక్షిణాదికి వెళ్లాక శత్రువులు బావుల్లో విషం కలిపితే ఏం తాగాలన్నది అతని బెంగ. మజిలీ మజిలీకీ బావి తవ్వుకుంటూ పోయే తీరిక సైన్యానికి ఉండదు. అందుకని ఇంటి దగ్గరే ఒక ఇనుప కడ్డీని నేలలోకి దిగగొట్టించాడు. అది నీటి పొరను తాకాక పైకి లాగేసి, ఆ రంధ్రంలో గొట్టం దించి పంపు బిగించారు. నీళ్లొచ్చాయి.

గొప్పతనమంతా ఆ బిగింపులోనే ఉంది. తవ్విన బావిలో నీరు దానంతటది ఊరేదాకా ఆగాలి. ఇక్కడ గొట్టాన్ని మట్టి చుట్టూ కరుచుకుని ఉంటుంది కాబట్టి పక్కల నుంచి గాలి చొరబడదు. పంపు కొట్టగానే గొట్టంలో పీడనం పడిపోతుంది. వెంటనే వాతావరణ పీడనం చుట్టుపక్కల ఇసుకలోని నీటిని గొట్టంలోకి తోస్తుంది. తర్వాత గొట్టానికే మొన పెట్టి, మొన పైన చిల్లులు పొడిచి, ఇసుక రాకుండా జాలీ చుట్టి నేరుగా సమ్మెటతో దిగగొట్టడం మొదలైంది. ఇద్దరు మనుషులుంటే పని అయిపోతుంది. అయితే బండ తగిలిందా, అక్కడితో సరి. నీరు సుమారు 25 అడుగుల లోపు ఉండాలి. అంతకన్నా లోతు నుంచి నీటిని పీల్చడం పైన బిగించిన చేతి పంపు వల్ల కాదు.

గ్రీన్ జీవితం మాత్రం వెంటనే తలకిందులైంది. ఆ డిసెంబరులోనే సొంత పటాలంలోని కెప్టెన్‌ను తుపాకీతో కాల్చాడు. కెప్టెన్ బతికాడు కానీ గ్రీన్ ఉద్యోగం పోయింది. ఆ చిక్కుల్లో పడి 1866 దాకా పేటెంటుకు దరఖాస్తే చేయలేదు. 1868 జనవరి 14న అది చేతికొచ్చేసరికి ఊరూరా రైతులు పెరళ్లలో గొట్టాలు దించేసుకున్నారు.

ఆపాటికే ఈ బావి సముద్రాలు దాటింది. అబిసీనియా (నేటి ఇథియోపియా) రాజు మీదికి బొంబాయి నుంచి బయల్దేరిన బ్రిటిష్ సేనాని రాబర్ట్ నేపియర్ సేన ఈ గొట్టాలను వెంట తీసుకెళ్లింది. మన మద్రాసు సాపర్లు అనే సైనిక ఇంజనీర్లూ ఆ దండయాత్రలో ఉన్నారు. అప్పటి నుంచి ఇంగ్లండులో దీనికి అబిసీనియన్ బావి అనే పేరు స్థిరపడింది.

ఇటు అమెరికాలో పేటెంటు ఏజెంట్లు ఇంటింటికీ తిరిగి, బావికి 10 డాలర్లు కట్టమన్నారు. సొంత పెరట్లో, సొంత రెక్కల కష్టంతో దించుకున్న గొట్టానికి కప్పం ఏమిటని అయోవా రైతులు సంఘాలు కట్టి కోర్టుకెక్కారు. 1887లో ఒక కేసులో సుప్రీంకోర్టు పేటెంటును సమర్థించింది. అదే ఏడాది నవంబరులో, అయోవా నుంచి వచ్చిన మరో కేసులో దాన్ని కొట్టేసింది. దరఖాస్తుకు రెండేళ్లకు ముందే జనం వాడుకలో ఉన్నదానికి పేటెంటు చెల్లదని తేల్చింది. గ్రీన్ ఆలోచన గొప్పదే, అతని పేరు నిలవాలి. కానీ తీర్పు న్యాయమైనది. తాగునీటికి అంత చవకైన దారి వాడుకున్నందుకు పేదవాడు కప్పం కట్టే పని తప్పింది.

మన కోస్తా ఇసుకలో ఇప్పటికీ ఆ సూత్రమే పనిచేస్తోంది. కాకపోతే అక్కడి తీపి నీరు ఉప్పునీటి మీద తేలే పొర మాత్రమే. మోటారు పెట్టి అదే పనిగా తోడితే కింది ఉప్పు పైకొస్తుంది. పైనున్న నీరు కాబట్టి మరుగుదొడ్డి గుంతలోని మురికీ తేలిగ్గా చేరుతుంది. పెరట్లో పాయింట్ దించేవారు గుంతకు వీలైనంత ఎడంగా చోటు చూసుకోండి. నీటిని పరీక్ష చేయించాకే తాగండి.