రేవు దాటిన స్త్రీలు

ఈ మధ్యకాలంలో ఒంటరిగా దేశాలు తిరిగి వచ్చిన యువతుల అనుభవాలు తరచుగా చదువుతున్నాను. భుజాన ఒక సంచి వేసుకొని, వెంట ఎవరూ లేకుండా హిమాలయాల దాకా వెళ్ళి, తమ మీద తమకు నమ్మకం కుదిరిందని, భయం పోయిందని వ్రాస్తున్నారు. చదివి సంతోషిస్తాను. ఐతే ప్రతిసారీ ఒక్క మాట దగ్గర ఆగిపోతాను. "మా అమ్మల తరానికి ఇంత ధైర్యం ఎక్కడిది?" అన్న మాట. రాజోలు తాలూకాలో పుట్టి పెరిగినదాన్ని కనుక అది నాకు మింగుడుపడదు.

కోనసీమ అంటే చుట్టూ నీళ్ళే. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, దక్షిణాన సముద్రం, మధ్యలో మళ్ళీ వైనతేయ. 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. మరుసటి ఏటికి గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువనే దాటించిన అక్విడక్టు వచ్చింది. దానితో పంటలతో పాటు పడవ ప్రయాణాలూ పెరిగాయి. అయినా సీమ దాటి బయటికి పోవాలంటే రేవుకు పోవలసిందే. యానాం, ఎదుర్లంకల మధ్య బాలయోగి పేరిట వంతెన, దిండి, చించినాడల మధ్య మరొకటి మొన్నమొన్నటి మాట. అంతకు ముందు సఖినేటిపల్లి రేవులోనో, ముక్తేశ్వరం రేవులోనో పడవ కోసమో, పంటు కోసమో కాచుకొని కూర్చోవడమే.

ఆ రేవుకు ఆడది ఒంటరిగా వెళ్ళడం మర్యాద కాదు. మా మామ్మ పుట్టిల్లు నరసాపురం. ఆవిడ పుట్టింటికి పోవాలంటే పక్కన మగతోడు ఉండితీరాలట, ఐదేళ్ళవాడైనా సరే. అందుకని మా చిన్నబాబాయిని వెంటబెట్టుకొని బయలుదేరేది. తోడు వచ్చినవాడు వశిష్ఠ సగం దాటేసరికి నిద్రపోయేవాడు. అవతలి ఒడ్డున మూట ఒక చేత, "మగతోడు" ఒక చంకన పెట్టుకొని మామ్మే దిగేది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నవ్వేది గాని, ఆ నియమాన్ని తప్పుపట్టగా నేను ఎన్నడూ వినలేదు.

ఈ కట్టుబాటులో ఒక సందు ఉండేది. విధవరాలు తీర్థానికి పోవచ్చును. అంతర్వేది తిరునాళ్ళకో, కోటిపల్లికో, పుష్కరాలకో, గుంపుతో కలిసి కాశీకో. ఇంట్లో ఆమెకు మిగిలిన స్థానం ఎంత చిన్నదో, ఆ ప్రయాణం అంత సులువుగా అనుమతించేవారు. ఆ సందులోంచే బయటికి వచ్చిన మనిషి దువ్వూరి సుబ్బమ్మగారు. మనకు గౌతమి ఆవలి ఒడ్డున, ద్రాక్షారామంలో 1880లో పుట్టారు. బాల్యంలోనే వైధవ్యం. సహాయ నిరాకరణోద్యమం వచ్చేనాటికి నలభయ్యో పడిలో ఉన్నారు. ఖద్దరు పట్టుకొని ఊరూరూ తిరిగి, సభలలో గొంతెత్తి మాట్లాడి, 1922లో రాజమండ్రి జైలుకు వెళ్ళారు. గాంధీ ఉద్యమంలో ఆంధ్రదేశం నుంచి జైలుకు వెళ్ళిన తొలి మహిళగా ఆమెను చెప్పుకొంటారు. చనిపోయింది 1964లో. "దేశబాంధవి" అన్న బిరుదు వెనుక ఉన్న నడకను గురించి ఆలోచిస్తాను. ముత్తైదువగా ఉండి ఉంటే ఆమెను అన్ని ఊళ్ళు తిరగనిచ్చేవారా? నిచ్చేవారు కారనే నా అభిప్రాయం. శాపంగా ఇచ్చినదాన్నే ఆమె టిక్కెట్టుగా మార్చుకొన్నది.

సముద్రం దాటిన కథ వేరు. యానాం దాపునే ఉన్న కోరంగి రేవు 1839 తుపానులో దెబ్బతిన్నా, దాని పేరు మాత్రం బర్మాలో నిలిచిపోయింది. అక్కడ తెలుగువాళ్ళంతా "కోరంగీలే". రంగూను రేవులో మూటలు మోసినవారు, బియ్యపు మిల్లులలో పనిచేసినవారు, 1930 మే అల్లర్లలో దెబ్బలు తిన్నవారు, 1942లో జపాను సేనలు వస్తే కాలినడకన తిరిగి వచ్చినవారు. వీరిలో అత్యధికులు పురుషులు. ఆడవాళ్ళు ఇక్కడే ఉండి మనియార్డరు కోసం ఎదురుచూశారు. రంగూను వెళ్ళిన మగవాళ్ళ కథలు మా ఊళ్ళో కూడా చెప్పుకొనేవారు.

నేటాలు చెరకుతోటల లెక్క కొంచెం భిన్నం. 1860 నవంబరు 16న దర్బను చేరిన మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచే బయలుదేరింది, అందులో తెలుగువాళ్ళున్నారు. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఉండాలని తెల్లదొరల నిబంధన. అంతమంది భార్యలు దొరక్క, విధవలను, మొగుడు వదిలేసినవాళ్ళను వెదికి ఎక్కించేవారు. వాళ్ళ పేర్లు, ఊళ్ళు, వయస్సులు ఓడల జాబితాలలో నేటికీ ఉన్నాయి. ఆ కాలపు తెలుగు స్త్రీలలో ఒంటరిగా సముద్రం దాటినట్టు వీళ్ళకు కాగితం మీద ఆధారం ఉన్నది. వీళ్ళను యాత్రికులని ఎవరూ అనలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. బర్మా కథను కోనసీమ తలక్రిందులుగా తిరిగి వ్రాసింది. 1973 తరువాత గల్ఫు దేశాలలో చమురు డబ్బు పోటెత్తింది. కువైట్‌లో, బహ్రెయిన్‌లో, మస్కట్‌లో ఇళ్ళల్లో పనిమనుషులు కావలసి వచ్చారు. కడప ప్రాంతం నుంచి, మన గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళు బయలుదేరారు. ఈసారి మగవాడు ఇంట్లో ఉండి ఎదురుచూశాడు.

మా ఊరి పేట నుంచి వెళ్ళిన మొదటి మనిషి నాకు బాగా గుర్తు. 1980ల నడిమి కాలం, నేను ఏడవ తరగతి. ఆవిడ తల్లి ఉత్తరం పట్టుకొని వచ్చి, మా అరుగు ఎక్కకుండా మెట్టు క్రింద నిలబడి, "పాపా, ఒక్కసారి చదివిపెట్టమ్మా" అని అడిగేది. ఉత్తరం అవతల ఎవరో వ్రాసిపెట్టినదే. ఇవతల నేను చదివేదాన్ని. కూతురు క్షేమం, డబ్బు ఫలానా వాళ్ళ చేత పంపాను, పిల్లదాన్ని బడి మాన్పించవద్దు. ప్రతి ఉత్తరంలోనూ చివరి వాక్యం అదే. ఆ పిల్ల నా కంటె రెండేళ్ళు చిన్నది.

ఆవిడ ప్రయాణం ఎలా సాగిందో చాలా ఏళ్ళకు తెలిసింది. రాజోలు నుంచి బస్సు, ఆ తరువాత బొంబాయి దాకా రైలు. తెలుగు తప్ప మరో భాష రాదు, చదువు లేదు. ఏజెంటు చూపించిన గదిలో ఇరవైరెండు రోజులు కూర్చోబెట్టారట. అక్కడే రొట్టెల పిండి కలపడం నేర్చుకొన్నది. "కువైట్ అంటే భయం వెయ్యలేదండి, విమానంలో బెల్టు ఊడదియ్యడం తెలియక భయం వేసింది" అన్నది నాతో.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చాయి. అమ్మాను నుంచి బొంబాయికి విమానాల మీద విమానాలు నడిపి సుమారు 1,70,000 మంది భారతీయులను తీసుకువచ్చారు. మన చరిత్రలో ఘనంగా చెప్పుకొనే సంఘటన. ఆవిడ అందులోనే ఒక ప్లాస్టిక్ సంచితో తిరిగి వచ్చింది. ఊరంతా "బుద్ధి వచ్చింది" అన్నారు. కువైట్ విముక్తమైన రెండేళ్ళలోపే మళ్ళీ వెళ్ళిపోయింది.

ఇదంతా విజయగాథగా చెప్పడం అన్యాయం. కఫీలు, అంటే పనికి పిలిపించిన యజమాని, పాస్‌పోర్టు తీసుకొని బీరువాలో పెట్టుకొంటాడు. అతని ఇష్టం లేనిదే మరో ఇంట్లో పని చెయ్యరాదు. ఇల్లు వదిలి పారిపోతే నేరం. పెట్టెలో తిరిగి వచ్చిన స్త్రీలున్నారు. ఫోను ఆగిపోయి ఏమైందో తెలియని స్త్రీలున్నారు. డబ్బంతా త్రాగేసిన భర్తలు, అమ్మమ్మను అమ్మా అని పిలవడానికి అలవాటుపడిన బిడ్డలూ ఉన్నారు. 2015లో కువైట్ ఇంటిపనివారికోసం 68వ నంబరు చట్టం చేసి రోజుకు 12 గంటలకు మించరాదని, వారానికి ఒక సెలవు ఉండాలని, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోరాదని చెప్పింది. తలుపులు వేసిన ఇంట్లో గడియారం చూసేది ఎవరన్నది వేరే ప్రశ్న.

మన ప్రభుత్వం చేసిన ఏర్పాటు ఇంకా విచిత్రం. ఓడల కాలం నాటి "వలసదారుల సంరక్షకుడు" అనే ఉద్యోగి 1922 చట్టంలో ఉన్నాడు, 1983 చట్టంలోనూ ఉన్నాడు. పదవ తరగతి తప్పితే అతని అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్ళే స్త్రీకైతే 30 ఏళ్ళు నిండాలి. 2016 నుంచి ఇలాంటి స్త్రీలను ప్రభుత్వ సంస్థలే పంపాలన్నారు. ఉద్దేశం మంచిదే కావచ్చును. కాని అప్పు తీర్చవలసిన ఇరవైనాలుగేళ్ళ మనిషి ముప్పై నిండేదాకా ఆగదు. విజిట్ వీసా మీద వెళుతుంది. వెళ్ళాక ఆమె ఏ లెక్కలోనూ ఉండదు, కష్టం వస్తే ఆమె కాగితమే ఆమెకు విరుద్ధంగా సాక్ష్యం చెబుతుంది. మామ్మకు ఐదేళ్ళ మగతోడు పెట్టిన తర్కానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

మరి లాభమేమిటని అడిగితే, డబ్బు అని సులువుగా చెప్పవచ్చును. పేటలో తాటాకు ఇళ్ళు పోయి డాబాలు వచ్చాయి. అవి పైకి కనిపించేవి. ఆవిడను అడిగితే డబ్బు సంగతి రెండవదిగా చెప్పింది. మొదట చెప్పినది, తనకంటూ ఒక పేరు ఉన్నదని తెలియడం. ఊళ్ళో ఫలానావాడి భార్య, ఫలానా ఆమె కూతురు. పాస్‌పోర్టులో, బ్యాంకు కాగితంలో, అకామా కార్డులో మాత్రం తన పేరే. రెండవ విడత వచ్చినప్పుడు స్థలం తన పేరిట రిజిస్ట్రీ చేయించుకొన్నది. భర్త అలిగాడు. రెండు నెలలు అలిగి ఊరుకొన్నాడు.

కూతురు నర్సింగు చదివింది. ఆ పిల్ల కూడా మస్కట్ వెళ్ళింది, ఆసుపత్రి ఉద్యోగానికి. పదవ తరగతి దాటినది కనుక ఏ సంరక్షకుడి అనుమతీ అవసరం లేకపోయింది.

కిందటి సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు ఆవిడను చూడబోయాను. ఇప్పుడు వాళ్ళింటికి నేను వెళతాను, కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపి ఒక్కతే అంతర్వేది పోయి వచ్చానని, కండక్టరు సున్నా టిక్కెట్టు కొట్టి ఇచ్చాడని నవ్వుతూ చెప్పింది. తరువాత లోపలికి వెళ్ళి, రబ్బరు బ్యాండు వేసిన మూడు పాత పాస్‌పోర్టులు తెచ్చి చూపించింది. మొదటిదానిలో ఫోటో క్రింద వేలిముద్ర. రెండవదానిలోనూ వేలిముద్రే. మూడవదానిలో వంకరటింకర ఇంగ్లీషు అక్షరాలతో సంతకం. ఎవరు నేర్పారని అడిగాను. ఆ ఇంటి పసిపిల్ల పలక మీద దిద్దుతుంటే ప్రక్కన కూర్చొని తానూ దిద్దానని చెప్పి, కాఫీ చల్లారిపోతున్నదని నన్ను తొందరపెట్టింది.